"మెయిల్ రావట్లేదు సార్": అరవై ఇళ్లకు ఆఫీసు మెయిల్ చేర్చిన నా అనుభవం

2020 మార్చి 23, సోమవారం. ముందురోజు జనతా కర్ఫ్యూ. ఆ రాత్రే మన రాష్ట్రంలో 31వ తేదీ దాకా లాక్‌డౌన్ అని ప్రకటించారు. మా ఆఫీసు విజయవాడలో. ఆస్పత్రులకూ మెడికల్ షాపులకూ మందులు సరఫరా చేసే కంపెనీ మాది. కింద గోడౌన్ మూయడానికి వీల్లేదు, మందులు ఆగకూడదు. కానీ పై అంతస్తులో కూర్చునే ఆర్డర్లు, బిల్లింగ్, అకౌంట్స్ వాళ్లను అరవై మందినీ ఇళ్లకు పంపేయాలని మధ్యాహ్నం మూడింటికి తేల్చారు. అక్కడ సిస్టమ్ అడ్మిన్‌ని నేను. నాతోపాటు ఒక జూనియర్ కుర్రాడు. మా ఇద్దరిదే డిపార్ట్‌మెంట్ అంతా.

ల్యాప్‌టాపులు ఇరవై మూడే ఉన్నాయి. మిగతావాళ్లు తమ టేబుల్ మీది కంప్యూటర్లే ఊడదీసి, దుప్పట్లలో చుట్టి, ఆటోల్లోనూ బైకుల మీదా పట్టుకెళ్లారు. ఒక్కొక్క మెషీన్‌లో వీపీఎన్ (ఇంటి నుంచి ఆఫీసు నెట్‌వర్క్‌లోకి తాళం వేసిన దారి) వేసి, ఎలా కనెక్ట్ అవ్వాలో చూపించి పంపేసరికి రాత్రి తొమ్మిదిన్నర అయింది. మర్నాడు పొద్దున ఎనిమిదింటికి మొదటి ఫోన్.

"సార్, మెయిల్ రావట్లేదు."

ఆ తర్వాత మూడు వారాల పాటు ఈ ఒక్క మాట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. మాట ఒకటే, కానీ దాని వెనక ఉన్న జబ్బులు వేరువేరు. అది అర్థం కావడానికి నాకు రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ అందరికీ ఒకే మందు వేశాను: వీపీఎన్ ఆపి మళ్లీ పెట్టండి, కంప్యూటర్ రీస్టార్ట్ చేయండి అని.

ముందు మా ఏర్పాటు ఎలా ఉండేదో చెప్పాలి. మా మెయిల్ సర్వర్ మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ 2016, ఆఫీసులోనే సర్వర్ రూమ్‌లో ఉండేది. బయటి నుంచి వచ్చే మెయిల్ ఒక ఫిల్టర్ గేట్‌వే మీదుగా లోపలికి వచ్చేది. అంతే తప్ప ఇంటర్నెట్ నుంచి ఎవరూ నేరుగా ఆ సర్వర్‌ని ముట్టుకునే వీలు లేదు. వెబ్‌మెయిల్ కూడా బయటికి తెరవలేదు. ఆఫీసులో కూర్చుంటే మెయిల్ చూసే ప్రోగ్రామ్ అవుట్‌లుక్ తెరుచుకుంటుంది, బయట ఉంటే వీపీఎన్‌లో కనెక్ట్ అయితేనే తెరుచుకుంటుంది. అప్పటిదాకా బయటి నుంచి వాడేది ఎండీ గారు, నలుగురైదుగురు సేల్స్ మేనేజర్లు మాత్రమే. పదిమంది లోపు వాడే దారి మీదికి ఒక్కసారిగా అరవై మందిని తోలాం. ఆ వీపీఎన్‌ని నడిపేది ఫైర్‌వాల్, ఆఫీసు నెట్‌కు కాపలా కాసే పెట్టె. దాని లైసెన్సు ఒకేసారి పాతిక మందికే ఉంది. పాతిక దాటాక వచ్చినవాళ్లకు కారణం చెప్పకుండా కనెక్షన్ తెగిపోయేది. అది తేలిగ్గానే తెలిసింది. డీలర్‌తో మాట్లాడితే రెండు రోజుల్లో తాత్కాలిక లైసెన్సు ఇప్పించారు. దాంతో ఫోన్లు ఆగిపోతాయనుకున్నాను. ఆగలేదు.

మూడో రోజు ఒక పని చేశాను. పాత డైరీ ఒకటి తీసి గీతలు గీశాను. ఫోన్ చేసినవాళ్ల పేరు, ఏ నెట్ మీద ఉన్నారు, వీపీఎన్ కనెక్ట్ అయిందా, అవుట్‌లుక్‌లో కింద మూల ఏం రాసి ఉంది, ఎప్పటి నుంచి రావట్లేదు. "రావట్లేదు" అన్న మాట దగ్గర ఆగకుండా, తెర మీద ఏం కనిపిస్తోందో అక్షరం అక్షరం చదవమన్నాను. సాయంత్రానికి ముప్పై ఒక్క వరుసలు నిండాయి. వాటిని చూస్తూ కూర్చుంటే మొదటి ముడి కనిపించింది. ఫోన్ హాట్‌స్పాట్ మీద ఉన్నవాళ్లలో దాదాపు అందరికీ మెయిల్ వస్తోంది. ఇంట్లో బ్రాడ్‌బ్యాండ్ ఉండి, వైఫై మీద ఉన్నవాళ్లలో సగం మందికి రావట్లేదు. మంచి నెట్ ఉన్నవాళ్లకే రాకపోవడం ఏమిటి?

మా ఆఫీసు చిన్నగా ఉన్న రోజుల్లో ఎవరో రౌటర్ కొని పెట్టి, దాంట్లో ఏ ఐపీ నంబర్లు (నెట్‌వర్క్‌లో ప్రతి మెషీన్‌కీ ఉండే అడ్రసు) ఉంటే వాటితోనే నెట్‌వర్క్ నడిపేశారు. 192.168.1తో మొదలయ్యే నంబర్లు. నేను చేరేనాటికే అవి ఉన్నాయి, నేను మార్చలేదు. మెయిల్ సర్వర్ 192.168.1.10, ఏ పేరున్న సర్వర్ ఏ నంబరులో ఉందో చెప్పి, పాస్‌వర్డులు సరిచూసే డొమైన్ సర్వర్ 192.168.1.5. ఇళ్లలో పెట్టే రౌటర్లలో చాలా వాటికి కూడా అవే నంబర్లు. అంటే ఇంటికీ ఆఫీసుకీ ఒకే వీధి పేరు, ఒకే డోర్ నంబర్లు. ఇంట్లోని కంప్యూటర్ 192.168.1.10కి ఉత్తరం పంపాలనుకుంటే, ఆ నంబరు మా ఇంట్లోనే ఉంది కదా అనుకుని ఇంట్లోనే కేకేస్తుంది. ఆ ఇంట్లో ఆ నంబరుతో ఎవరూ ఉండరు. ఎవరూ పలకరు. పక్కనే వీపీఎన్ దారి తెరిచి ఉన్నా దాంట్లోకి అడుగే పెట్టదు. ఆండ్రాయిడ్ ఫోన్ హాట్‌స్పాట్ అప్పట్లో 192.168.43తో మొదలయ్యే నంబర్లు ఇచ్చేది, ఐఫోన్ అయితే 172.20.10తో. అక్కడ గొడవ లేదు. అందుకే వాళ్లకి వస్తోంది.

ఇది తెలిసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సంతోషంతో కాదు. నెట్‌వర్క్ చదువుకున్న ఎవరికైనా మొదటి ఏడాదిలో చెప్పే విషయమిది. ఆఫీసు నంబర్లు మార్చాలని రెండేళ్ల కిందటే రాసుకున్నాను కూడా. ప్రింటర్లు, సీసీ కెమెరాలు, వేలిముద్రల మెషీన్ అన్నీ ఆపి చేయాల్సిన పని కదా అని వాయిదా వేస్తూ వచ్చాను.

లాక్‌డౌన్ మధ్యలో ఆఫీసు నంబర్లన్నీ మార్చడం కుదరదు. అరవై ఇళ్లలో రౌటర్లు మార్పించడం అంతకన్నా కుదరదు. ఉన్న దారి ఒకటే. ఇల్లు, ఆఫీసు రెండు దారులూ ఒకే వెడల్పుతో కనిపిస్తే విండోస్ ఇంటి దారినే పట్టుకుంటోంది. కానీ ఒక్క నంబరుకే ప్రత్యేకంగా దారి చెబితే, ఆ ఇరుకైన దారికే మొదటి మర్యాద. కాబట్టి ఫైర్‌వాల్ నుంచి ప్రతి కంప్యూటర్‌కీ రెండే రెండు దారులు విడిగా పంపించాను: 192.168.1.10 ఒక్కదానికీ, 192.168.1.5 ఒక్కదానికీ వీపీఎన్ దారిలోంచే (టన్నెల్ అంటారు దాన్ని) వెళ్లాలి అని. శుక్రవారం పొద్దున అందరూ మళ్లీ కనెక్ట్ అయ్యేసరికి పదిహేడు మందికి మెయిల్ వచ్చేసింది. ఒక్కరికి మాత్రం రాలేదు. ఆయన ఇంటి రౌటర్ సరిగ్గా 192.168.1.10ని ఆయన ల్యాప్‌టాప్‌కే ఇచ్చింది! తన నంబరుకే తను ఉత్తరం రాసుకుంటున్నట్టు. ఫోన్‌లో చెబుతూ చెబుతూ చేత్తో వేరే నంబరు పెట్టించాను, అయిపోయింది.

రెండో జబ్బు ఇంకో రకం. కొందరికి అవుట్‌లుక్ తెరవగానే "సెక్యూరిటీ అలర్ట్" అని పెట్టె వచ్చేది. సర్టిఫికెట్‌లో (సర్వర్ తాను ఎవరో చూపించే గుర్తింపు పత్రంలో) పేరు సరిపోలడం లేదు, కొనసాగించాలా అని. చదవమంటే, మా కంపెనీ పేరు కాదు, ఎప్పుడూ వినని ఏదో హోస్టింగ్ సంస్థ పేరు చదివారు. మొదట నాకు గుండె ఆగినంత పనైంది, ఎవరో మధ్యలో దూరారేమోనని. గంటసేపు వెతికితే తేలింది. మా వెబ్‌సైట్ ఉండేది బయట ఒక హోస్టింగ్ కంపెనీ దగ్గర. అవుట్‌లుక్‌కి ఒక అలవాటు ఉంది. ఆఫీసు నెట్‌వర్క్‌లో ఉంటే సర్వర్ ఎక్కడుందో డొమైన్‌ని అడిగి తెలుసుకుంటుంది. బయట ఉండి డొమైన్ అందకపోతే, మెయిల్ అడ్రసులో @ తర్వాతి తోక భాగం తీసుకుని, ఆ పేరున్న వెబ్‌సైట్ దగ్గరికే నేరుగా వెళ్లి నా సెట్టింగులు ఇవ్వు అని అడుగుతుంది. ఆటోడిస్కవర్ అంటారు దాన్ని. వీపీఎన్ కనెక్ట్ కాకముందే అవుట్‌లుక్ తెరిచినవాళ్లకు జరుగుతున్నది ఇదే. అవుట్‌లుక్ వెళ్లి మా వెబ్‌సైట్ తలుపు కొడుతోంది. అక్కడి సర్వర్ తన సర్టిఫికెట్ చూపిస్తోంది.

అలర్ట్ వరకైతే సరే. దాని తర్వాత పాస్‌వర్డ్ అడిగే పెట్టె వస్తోంది. జనం ఏం చేస్తారు? "యెస్" నొక్కారు, పాస్‌వర్డ్ కొట్టారు. ఒకసారి తీసుకోకపోతే మూడుసార్లు కొట్టారు. ఆ పాస్‌వర్డ్ మా సర్వర్‌కి కాదు, మాకు సంబంధం లేని సర్వర్ వైపు వెళుతోంది. ఇందులో వాళ్ల తప్పు నాకు ఏమీ కనిపించలేదు. పదేళ్లుగా ఆఫీసులో పెట్టె వస్తే పాస్‌వర్డ్ కొట్టండి అని నేర్పింది మేమే. (ఏడాదిన్నర తర్వాత, 2021 సెప్టెంబరులో, గార్డికోర్ అనే భద్రతా సంస్థ పరిశోధకులు ఇదే ఆటోడిస్కవర్ అలవాటు వల్ల ఎన్నో కంపెనీల పాస్‌వర్డులు బయటి డొమైన్లకు చేరుతున్నాయని చూపించారు. అది చదివినప్పుడు నాకు ఆ లాక్‌డౌన్ వారమే గుర్తొచ్చింది.)

అవుట్‌లుక్ ఆ వెబ్‌సైట్ తలుపు కొట్టకుండా ఆపే సెట్టింగ్ ఒకటి ఉంది, గ్రూప్ పాలసీతో (ఆఫీసు కంప్యూటర్లన్నిటికీ ఒకేచోటి నుంచి సెట్టింగులు పంపే పద్ధతి) అందరికీ పంపించాను. ముందు వీపీఎన్, తర్వాతే అవుట్‌లుక్ అని అందరికీ వాట్సాప్‌లో తెలుగులో రాసి పెట్టాను. అలర్ట్ చూసి పాస్‌వర్డ్ కొట్టామన్న పదకొండు మందితో, వీపీఎన్‌లో ఉండగానే, ఆ రోజే పాస్‌వర్డులు మార్పించాను.

ఆ మార్పించడం నుంచే మూడో జబ్బు పుట్టింది.

అకౌంట్స్ మేడమ్ ఒకావిడ. మార్చి నెలాఖరు, ఆర్థిక సంవత్సరం ముగింపు, ఆవిడకు ఏడాదిలో అతి బరువైన వారం. పాస్‌వర్డ్ మార్చిన గంటలో ఆవిడ అకౌంట్ లాక్ అయింది. తీశాను. అరగంటకి మళ్లీ లాక్. మళ్లీ తీశాను. "బాబూ, నేను అసలు ఏమీ కొట్టలేదు, ఊరికే కూర్చున్నాను" అన్నారు. గొంతులో ఏడుపు వినిపించింది. నిజంగానే ఆవిడ ఏమీ చేయలేదు. అకౌంట్ లాక్ అయిన ప్రతిసారీ డొమైన్ సర్వర్ లాగ్‌లో 4740 అనే నంబరుతో ఒక రికార్డు పడుతుంది. ఏ కంప్యూటర్ నుంచి తప్పుడు పాస్‌వర్డ్ వచ్చిందో అందులో ఉంటుంది. చూస్తే ఆవిడ ఇంట్లో ఉన్న ల్యాప్‌టాప్ కాదు. ఆఫీసులో, అకౌంట్స్‌లో మూడో సీటు.

సోమవారం సాయంత్రం ఆవిడకి ల్యాప్‌టాప్ ఇచ్చాం కదా, తన డెస్క్‌టాప్‌ని తెర లాక్ చేసి వెళ్లిపోయారు. అది ఆన్‌లోనే ఉంది. దాంట్లో ఆవిడ సెషన్, తెరిచిన అవుట్‌లుక్, షేర్ డ్రైవ్ అన్నీ పాత పాస్‌వర్డ్‌తో సర్వర్‌ని అడుగుతూనే ఉన్నాయి. ఐదుసార్లు తప్పితే లాక్. నా దగ్గర్నుంచి షట్‌డౌన్ పంపితే ఆ మెషీన్ తీసుకోలేదు. ఆఫీసులో ఉన్నది వాచ్‌మన్ బాబాయ్ ఒక్కరే. ఫోన్ చేసి, పైకెళ్లి మూడో సీటు కంప్యూటర్ ఆపమన్నాను. "ఆపేశాను బాబూ, చీకటైపోయింది" అన్నారు. అరగంటకి మళ్లీ లాక్. ఆయన ఆపింది మానిటర్. చెప్పాల్సిన తీరులో నేనే చెప్పలేదు. రెండోసారి ఫోన్ చేసి, టేబుల్ కింద నల్ల పెట్టె, ముందు గుండ్రటి బటన్, ఫ్యాన్ చప్పుడు ఆగేదాకా నొక్కి పట్టుకో బాబాయ్ అన్నాను. ఫోన్ చెవిలో ఉండగానే ఆ ఫ్యాన్ చప్పుడు ఆగడం నాకు వినిపించింది. ఆ తర్వాత మేడమ్ అకౌంట్ లాక్ అవలేదు. మర్నాడు బాబాయ్ చేత అన్ని సీట్లూ చూపిస్తే ఇంకా ఎనిమిది మెషీన్లు అలాగే ఉన్నాయి.

ఇక నన్ను అన్నిటికన్నా ఏడిపించింది నాలుగోది.

ఆర్డర్ల సెక్షన్‌లో ఒక కుర్రాడు. రాజమండ్రి, కాకినాడ వైపు ఆస్పత్రుల ఆర్డర్లు చూసేవాడు. అమలాపురం దగ్గర సొంత ఊరికి వెళ్లిపోయాడు. ఆస్పత్రి వాళ్లు ఆర్డరును పీడీఎఫ్‌గా మెయిల్లో పంపుతారు. వాడు సరిచూసి గోడౌన్‌కి పంపితే సరుకు కదులుతుంది. ఇంట్లో ఊరి కేబుల్ ఆపరేటర్ ఇచ్చిన నెట్. వీపీఎన్ కనెక్ట్ అవుతుంది. నంబర్ల గొడవ లేదు, వాళ్ల రౌటర్ వేరే నంబర్లు ఇస్తోంది. సర్వర్‌కి పింగ్ (ఉన్నావా అని పిలిచి చూడటం) కొడితే చక్కగా పలుకుతుంది. నాలుగు లైన్ల మెయిల్ వస్తుంది, పోతుంది. పీడీఎఫ్ ఉన్న మెయిల్ మాత్రం రాదు. పంపితే అవుట్‌బాక్స్‌లో అలా ఉండిపోతుంది. "సార్, యూట్యూబ్ బ్రహ్మాండంగా వస్తోంది, మెయిలే రావట్లేదు" అంటాడు.

ఊళ్లో నెట్ కదా, స్లోగా ఉంటుంది అన్నాను. స్పీడ్ టెస్ట్ చేయించాను. ఇరవై ఎంబీపీఎస్ చూపించింది. రాత్రి పూట ప్రయత్నించు అన్నాను. రాత్రీ అంతే. ఫోన్ హాట్‌స్పాట్ మీద పెడితే పీడీఎఫ్‌లు వచ్చేవి, కానీ వాళ్లింట్లో సిగ్నల్ ఒక్క గీత. వాడు ల్యాప్‌టాప్ పట్టుకుని మధ్యాహ్నం ఎండలో డాబా ఎక్కి, వాటర్ ట్యాంక్ నీడలో కూర్చుని మెయిల్స్ పంపేవాడు. ఫోన్‌లో వెనక వాళ్లమ్మగారు "ఏరా, వడదెబ్బ తగులుతుందిరా, కిందికి రారా" అనడం వినిపించేది. ఒకరోజు ఒక ఆస్పత్రి ఆర్డర్ అలా ఆరు గంటలు అవుట్‌బాక్స్‌లో ఇరుక్కుపోయింది. అందులో ఇన్సులిన్ ఉంది. సాయంత్రం వ్యాన్ దాటిపోయింది, సరుకు మర్నాడు వెళ్లింది. అక్కడ ఎవరికీ ఏమీ కాలేదు, ఆస్పత్రిలో నిల్వ ఉందట. అయినా ఆ రాత్రి నేను అన్నం సరిగా తినలేకపోయాను.

చిన్నవి వెళుతున్నాయి, పెద్దవి వెళ్లట్లేదు. ఇదే మాట డైరీలో ఐదు రోజులుగా రాస్తున్నాను. ఆరో రోజు పొద్దున ఆ వరుస మళ్లీ చదువుతుంటే అప్పుడు తట్టింది, వేగం కాదు చూడాల్సింది, సైజు అని.

నెట్‌లో ఏదైనా ముక్కలుగా వెళుతుంది. ఒక్కో ముక్క మామూలుగా 1500 బైట్ల దాకా ఉండొచ్చు. దారిలో ఎక్కడైనా అంతకన్నా తక్కువ పట్టే చోటు ఉంటే, ఇది పట్టదు, చిన్నది చేసి పంపు అని కబురు వెనక్కి రావాలి. మనూళ్లో రైలు వంతెనల కింద ఎత్తు చెప్పే ఇనుప గడ్డర్ ఉంటుంది చూడండి, అలాగ. ఆ కబురు రాకపోతే లారీ వెళ్లి వంతెన కింద ఇరుక్కుంటుంది. వెనకున్న డ్రైవర్‌కి తెలియదు, ఇంకో లారీ పంపుతాడు. అదీ ఇరుక్కుంటుంది. ఆటోలు, బైకులు మాత్రం హాయిగా వెళుతుంటాయి.

ఆ రోజు కుర్రాడిని ఫోన్‌లో పెట్టుకుని రెండు గంటలు పింగ్ కొట్టించాను. మామూలు పింగ్ కాదు, ముక్కలు చేయొద్దు అని చెప్పి, సైజు మనమే ఇచ్చి కొట్టే పింగ్. ముందు వీపీఎన్ లేకుండా బయటి అడ్రసుకి. 1472 ఇస్తే, హెడర్ (ముక్క మీద అంటించే చిరునామా చీటీ) 28 కలిపి సరిగ్గా 1500 అవుతుంది. జవాబు లేదు. 1464, మామూలు పీపీపీఓఈ (లాగిన్‌తో నడిచే బ్రాడ్‌బ్యాండ్) కనెక్షన్‌లో వెళ్లాల్సిన సైజు. జవాబు లేదు. పది పది తగ్గించుకుంటూ, చివర్లో ఒక్కొక్కటి తగ్గించుకుంటూ వచ్చాం. 1412 దగ్గర మొదటిసారి జవాబొచ్చింది. "వచ్చింది సార్!" అని అరిచాడు. అంటే ఆ దారి పట్టేది 1440. ఎక్కడా తప్పు చూపించే కబురు లేదు, పెద్దవి మౌనంగా మాయమవుతున్నాయి. తర్వాత వీపీఎన్ పెట్టి లోపలి సర్వర్‌కి. 1372 పోలేదు, 1300 పోయింది. లెక్క సరిపోయింది. మా వీపీఎన్ అడాప్టర్ 1400 బైట్ల ముక్కలు తయారుచేస్తుంది. దాని పైన తాళం వేసి, పైకవర్ చుట్టేసరికి ఇంకో డెబ్బై దాకా కలుస్తాయి. 1470 అయిన పెట్టె 1440 సందులో పట్టదు.

మరి యూట్యూబ్ ఎలా వస్తోంది? మామూలు వెబ్ ట్రాఫిక్ విషయంలో చాలామంది ఆపరేటర్లు తమ రౌటర్‌లోనే, కనెక్షన్ మొదలయ్యేటప్పుడే, ముక్క సైజు తగ్గించి మాట్లాడుకునేలా సర్దేస్తారు. మా టన్నెల్ లోపల ఏముందో వాళ్లకి కనిపించదు, అంతా తాళం వేసిన పెట్టె. కాబట్టి వాళ్లు సర్దలేరు. ఆ సర్దుబాటు మా ఫైర్‌వాలే చేయాలి. వీపీఎన్‌లో వచ్చే ప్రతి కనెక్షన్‌కీ ఎంఎస్ఎస్ (ఒక్కో ముక్కలో పట్టే సరుకు సైజు) 1300కి మించకుండా ఫైర్‌వాల్‌లో ఒక్క లైన్ పెట్టాను. ఐదు రోజుల బాధకి ఒక్క లైన్.

రాత్రి పదకొండు దాటింది. వీపీఎన్ ఆపి మళ్లీ పెట్టు నాన్నా అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "సార్, ఒకటి పోయింది" అన్నాడు. "రెండోది కూడా." అవుట్‌బాక్స్‌లో పద్నాలుగు ఉన్నాయి. పద్నాలుగూ వెళ్లేదాకా ఇద్దరం ఫోన్ పెట్టేయలేదు.

మర్నాడు చూస్తే, "అప్పుడప్పుడు ఇరుక్కుంటోంది, కాసేపటికి వస్తోంది" అని చెప్పిన ఇంకో ఆరుగురి ఫిర్యాదులూ ఆగిపోయాయి. వాళ్లందరికీ నేను నెట్ స్లో అని చెప్పి పంపేశాను. అందులో ఒకావిడ నా మాట నమ్మి నెలకు మూడు వందలు ఎక్కువ కట్టి పెద్ద ప్లాన్‌కి మారారు. ఆరుగురికీ ఫోన్ చేసి, తప్పు మీ నెట్‌ది కాదు, మా వైపుది అని చెప్పాను. అది చెప్పకుండా వదిలేయొచ్చు, ఎవరికీ తెలియదు. కానీ తర్వాతెప్పుడో మెయిల్ ఆగితే, ఆవిడ మళ్లీ తన నెట్‌నే అనుమానించి నాకు చెప్పడం మానేస్తారు.

ఏప్రిల్ మధ్యలో ఎండీ గారు పిలిచారు. ఈ వీపీఎన్ తంటా అంతా ఎందుకు, వెబ్‌మెయిల్‌ని బయటికి తెరిచేస్తే బ్రౌజర్లోనే చూసుకుంటారు కదా అన్నారు. అడగడంలో న్యాయం ఉంది. అప్పటికి చాలా కంపెనీలు అలాగే నడుపుతున్నాయి. నేను ఒప్పుకోలేదు. పాస్‌వర్డ్ ఒక్కటే తాళంగా ఉన్న తలుపును ప్రపంచమంతా తట్టేలా పెట్టలేనండి, రెండో తాళం ఏర్పాటు చేసే దాకా వద్దు అన్నాను. రెండో తాళం అంటే ఫోన్‌కి కోడ్ వచ్చే పద్ధతి. దానికి ఖర్చు ఉంది, తర్వాత చూద్దాం అన్నారు. తలుపు మూసే ఉంది. ఆగస్టులో ఒక ఆదివారం, జూనియర్ కుర్రాడూ నేనూ పొద్దున ఆరు నుంచి రాత్రి పది దాకా కూర్చుని ఆఫీసు నంబర్లన్నీ 10తో మొదలయ్యేవిగా మార్చేశాం. వేలిముద్రల మెషీన్ ఒక్కటి మాత్రం రెండు రోజులు మొరాయించింది.

2021 మార్చి 2న మైక్రోసాఫ్ట్ ఎక్స్చేంజ్ సర్వర్లకు అత్యవసర ప్యాచ్‌లు (లోపాలు పూడ్చే అప్‌డేట్లు) విడుదల చేసింది. అవి పూడ్చిన లోపానికి ప్రాక్సీలాగాన్ అని తర్వాత పేరు పడింది. పాస్‌వర్డ్ ఏమీ అక్కర్లేకుండా, సర్వర్ 443 పోర్టు (వెబ్ రాకపోకల తలుపు) ఇంటర్నెట్‌లో అందితే చాలు లోపలికి దూరే లోపం. అప్పటికే దాన్ని వాడుకుంటున్నవాళ్లు ఉన్నారు. నేను పాస్‌వర్డ్ గురించి భయపడి తలుపు మూశాను, వచ్చిన ప్రమాదం పాస్‌వర్డ్‌తో పనిలేనిది. మా సర్వర్ బయటికి కనిపించదు కాబట్టి బయటివాళ్లెవరూ నేరుగా తట్టలేదు. అయినా వీపీఎన్‌లో ఉన్న అరవై ఇళ్ల కంప్యూటర్లలో ఒక్కటి పాడైనా చాలు కదా. మా సర్వర్ పాత అప్‌డేట్ మీద ఉంది. ముందు పెద్ద అప్‌డేట్ వేసి, దాని మీదే ప్యాచ్ వేయాలి. ఆరో తేదీ శనివారం రాత్రి తొమ్మిది నుంచి మెయిల్ ఉండదని అందరికీ చెప్పి మొదలుపెట్టాం. పెద్ద అప్‌డేట్‌కే మూడు గంటలు పైన పట్టింది. ప్యాచ్‌ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన విండోలోంచే నడపాలి, ఊరికే డబుల్ క్లిక్ చేస్తే వెబ్‌మెయిల్ విరిగిపోతుంది. ఆ సంగతి ముందే చదవడం మంచిదైంది.

అర్ధరాత్రి దాటి ఒంటిగంటకి ఫోన్. అమలాపురం కుర్రాడు. రాత్రి షిఫ్టులో ఉన్నాడు, నేను పెట్టిన మెసేజ్ చూడలేదు.

"సార్, మెయిల్ రావట్లేదు. ఇంటి నెట్టే, హాట్‌స్పాట్ కాదు. వీపీఎన్ కనెక్ట్ అయింది. కింద మూల డిస్కనెక్టెడ్ అని ఉంది. తొమ్మిదిన్నర నుంచి. చిన్నదీ పోవట్లేదు, పెద్దదీ పోవట్లేదు. పింగ్ మాత్రం పలుకుతోంది."

నేను అడగాల్సినవి ఒక్కటి కూడా మిగల్చలేదు. సర్వర్‌కి ప్యాచ్ వేస్తున్నాం, పడుకో, నాలుగింటికల్లా వస్తుంది అన్నాను. పడుకోలేదు. మూడూ నలభైకి సర్వీసులన్నీ లేచాయి. నేను ఫోన్ చేసేలోపే వాడి నుంచి మెసేజ్ వచ్చింది: "మూడు ఉన్నాయి సార్, మూడూ వెళ్లాయి."